మేయర్‌ను ఓటుతో దించే అవకాశం మనకు ఎప్పుడు?

గోదావరిగట్టు
శాన్‌ఫ్రాన్సిస్కోలో 2024 నవంబరు 5న, పదవిలో ఉన్న మేయర్ లండన్ బ్రీడ్ ఓడిపోయారు. మా అమ్మాయి కుటుంబం అక్కడే ఉంటుంది కాబట్టి ఆ ఎన్నికను ఆసక్తిగా చూశాను. ఆమె 2018 నుంచి మేయర్. ఆ పదవి చేపట్టిన తొలి నల్లజాతి మహిళ కూడా. ఆమెను ఓడించిన డేనియల్ లూరీ అంతకుముందు ఏ పదవికీ ఎన్నికైన మనిషి కాదు. 2025 జనవరి 8న ప్రమాణం చేసి కూర్చున్నారు. పాలన నచ్చలేదు, ఓటరు మార్చేశాడు. అంతే.

ఇక మా రాజమహేంద్రవరం సంగతి. 2019లో పాలకవర్గం గడువు ముగిసింది. ఆనాటి నుంచి ప్రత్యేకాధికారి పాలనే. 2021 మార్చిలో రాష్ట్రంలో చాలా చోట్ల పుర ఎన్నికలు జరిగినా, గ్రామాల విలీనం, దాని చుట్టూ నడిచిన కోర్టు కేసుల వల్ల మాకు జరగలేదు. మా వీధిలో ఈ మధ్య ఓటు హక్కు వచ్చిన పిల్లలు అసెంబ్లీకి వేశారు, పార్లమెంటుకు వేశారు. కార్పొరేటర్‌కు ఓటు వేయడం వాళ్లకు తెలియదు. మేయర్‌ను ఓడించడం మాట అటుంచండి, ఓడించడానికి అసలు మేయరే లేరు.

అందరినీ అడుగుతున్నాను. మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకునే పద్ధతి మళ్లీ రావాలా, వద్దా?

కాకినాడ_కాజా
మాకు 2021లో మేయర్ దిగిపోయారు కదండీ. సుంకర పావని గారు అవిశ్వాస తీర్మానంలో పదవి పోగొట్టుకున్నారు. దాన్ని ఓటమి కింద లెక్క వేయరా?

పాతబ్యాలెట్
కాజా గారూ, ఓటమే. కానీ ఎవరి చేతిలో ఓటమి? 2017 ఆగస్టు 29న కాకినాడలో 48 డివిజన్లకు పోలింగ్ జరిగింది. తెలుగుదేశానికి 32, భాజపాకు 3, వైకాపాకు 10, స్వతంత్రులకు 3 వచ్చాయి. పావని గారు మేయర్ అయ్యారు. 2019లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆ తరువాత కార్పొరేటర్లు పక్క మారారు. మేయర్ పదవికి నాలుగేళ్లు నిండేదాకా అవిశ్వాసం పెట్టకూడదన్న నిబంధన ఉంది కాబట్టి ఆగారు. గడువు దాటగానే అక్టోబరులో పెట్టి దించారు. అదే నెల 25న సుంకర శివప్రసన్న గారు మేయర్ అయ్యారు. ఇంత జరిగినా కాకినాడ ఓటరు ఒక్కసారైనా పోలింగ్ కేంద్రానికి వెళ్లారా?

ఇది ఒక పార్టీ చేసిన పని అని ఎవరూ అనుకోవద్దు. 2025 ఏప్రిల్ 19న విశాఖలో పార్టీలు అటూ ఇటూ అయ్యాయి, పద్ధతి మాత్రం అదే. 2021లో మేయర్ అయిన వైకాపా నాయకురాలు గొలగాని హరి వెంకట కుమారి గారి మీద అవిశ్వాసం 74 ఓట్లతో నెగ్గింది. 28న కూటమి నుంచి పీలా శ్రీనివాసరావు గారు మేయర్ అయ్యారు. రెండు చోట్లా రాష్ట్రంలో ఎవరు గెలిచారో చూసుకుని కార్పొరేషన్ నడిచింది.

భీమవరం_బాబాయి
మీరు కార్పొరేషన్ల గురించి మాట్లాడుతున్నారు. 2021లో భీమవరం, తాడేపల్లిగూడెం, తణుకు, పాలకొల్లు మున్సిపాలిటీలకు కూడా ఎన్నికలు జరగలేదు. కాకినాడ పాలకవర్గం గడువు కూడా 2022 సెప్టెంబరుతో ముగిసింది. ఆ తరువాత పాత ఉభయ గోదావరి జిల్లాల్లోని మూడు కార్పొరేషన్లలో ఎన్నికైన పాలకవర్గం మిగిలింది ఏలూరుకు మాత్రమే. ముందు ఎన్నిక జరగనివ్వండి. నేరుగానా, చుట్టుతిరిగానా అన్నది తరువాత మాట్లాడుకోవచ్చు.

లంకపొలం
మాది లంక గ్రామం. సర్పంచిని మేము నేరుగానే ఎన్నుకుంటాం. నచ్చకపోతే మళ్లీ ఎన్నికల్లో ఓడిస్తాం. వార్డు మెంబర్లు ఎటు ఉన్నా సర్పంచి సర్పంచే. ఇంత పెద్ద పట్టణాల వాళ్లకు ఆ వీలు లేదా?

గోదావరిగట్టు
లేదండీ. కార్పొరేటర్లు, వాళ్లతో పాటు హోదా రీత్యా సభ్యులైన ఎమ్మెల్యేలు, ఎంపీలు చేతులెత్తి మేయర్‌ను ఎన్నుకుంటారు. పార్టీ విప్ ఉంటుంది. రేపు మీ లంకను పట్టణంలో కలిపితే మీ చేతిలో ఉన్న ఆ ఓటు కూడా పోతుంది.

లంకపొలం
అయితే విలీనం మాట ఎత్తినప్పుడు పన్ను పెరుగుతుందన్న మాట ఒక్కటే మా ఊళ్లో చెప్పుకుంటున్నారు. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ వారం పంచాయతీ దగ్గర నేను చెబుతాను.

మంగళవారం_సంత
బ్రీడ్ గారిని అక్కడి జనం ఎందుకు దించారు? అవినీతా?

గోదావరిగట్టు
అవినీతి ఒక్కటే అని చెప్పలేం. కోవిడ్ తరువాత నగరం నడిబొడ్డున ఆఫీసులు ఖాళీ అయ్యాయి, దుకాణాలు మూతపడ్డాయి. ఇల్లు లేక ఫుట్‌పాత్ మీద బతికేవాళ్లు, ఫెంటనిల్ మత్తుతో వీధుల్లోనే కుప్పకూలేవాళ్లు అందరి కళ్ల ముందూ ఉన్నారు. మా అమ్మాయి ఏ పార్టీనీ పట్టించుకునే మనిషి కాదు. పిల్లాడిని బండిలో పెట్టుకుని మార్కెట్ స్ట్రీట్ మీద నడవడానికి ఇబ్బందిగా ఉందన్న మాట ప్రతి ఫోనులోనూ చెప్పేది. చివరి ఏడాదిలో బ్రీడ్ గారు కొంత గట్టిగా కదిలారు, నేరాలు తగ్గుతున్నాయని చెప్పుకున్నారు. జనం అప్పటికే నిర్ణయించుకున్నారు.

పేపర్_పెద్దాయన
గట్టు గారూ, అసలు సంగతి వదిలేశారు. లూరీ లీవై స్ట్రాస్ జీన్స్ కంపెనీ కుటుంబం మనిషి. సొంత డబ్బు దాదాపు 90 లక్షల డాలర్లు ప్రచారంలో పెట్టారు. నేరుగా ఎన్నుకుంటే జరిగేది అదే. నగరమంతా తిరగాలి, నగరమంతా ఖర్చు పెట్టాలి. రాజమహేంద్రవరం మేయర్ పదవికి ప్రత్యక్ష ఎన్నిక పెడితే రొయ్యల చెరువుల యజమానులో, రియల్ ఎస్టేట్ వాళ్లో తప్ప స్కూలు టీచరు నిలబడగలరా? డివిజన్‌లో అయితే ఇల్లిల్లూ నడిచి గెలవవచ్చు.

కాకినాడ_కాజా
ఇప్పుడు ఖర్చు లేదా పెద్దాయన గారూ? అవిశ్వాసం వచ్చినప్పుడల్లా కార్పొరేటర్లను బస్సులెక్కించి శిబిరాలకు తీసుకెళ్లడం ఎవరి డబ్బుతో జరుగుతోంది? ఓటరుకు పంచే డబ్బు తప్పే. 50 మందికి పంచితే సరిపోయే పద్ధతి అంతకంటే పెద్ద తప్పు.

లెక్కల_మాష్టారు
డబ్బు సంగతి మీరు తేల్చుకోండి. లూరీ గెలిచిన విధానం గురించి ఎవరూ రాయలేదు, నాకు ఆసక్తి అక్కడే.

అక్కడ ఓటరు ఒక్కరికే గుర్తు పెట్టి ఊరుకోనక్కర లేదు. పది మంది దాకా ఒకటి, రెండు, మూడు అని వరుస ఇవ్వవచ్చు. మొదటి లెక్కలో లూరీకి 26 శాతం, బ్రీడ్‌కు 24 శాతం, ఏరన్ పెస్కిన్‌కు సుమారు 23 శాతం వచ్చాయి. ఎవరికీ సగం లేదు. అందరికంటే తక్కువ వచ్చిన వారిని తప్పించి, వాళ్ల బ్యాలెట్లలో తరువాతి వరుసలో ఎవరున్నారో వాళ్లకు ఆ ఓట్లు కలుపుతారు. అలా 14 విడతలు లెక్కించారు. చివరికి లూరీకి 55 శాతం, బ్రీడ్‌కు 45 శాతం. మొదట రెండు శాతమే తేడా, చివరికి పది శాతం. దీని అర్థం ఏమిటంటే, తమ అభ్యర్థి ఓడిపోతే బ్రీడ్ కంటే లూరీ మేలని అనుకున్నవాళ్లు ఎక్కువ.

ఇది మనకు తెలియని పద్ధతి కాదు. 2025 ఫిబ్రవరి 27న ఉభయ గోదావరి పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానానికి ఓటు వేసినవాళ్లు ఊదారంగు స్కెచ్ పెన్నుతో అంకెలు రాసి వచ్చారు కదా. అదే ఇది.

ఆత్రేయపురం_రేకు
14 విడతలా! అంతసేపు లెక్కింపు కేంద్రం బయట నిలబడే జనానికి పూతరేకులు అమ్మినా నా ఇల్లు గడిచిపోతుంది. మాష్టారు గారూ, మీరు లెక్క పూర్తి చేయండి, నేను అందరికీ ఒక పెట్టె పంపుతాను.

లెక్కల_మాష్టారు
నాకు బెల్లంవి పంపించండి.

కోటగుమ్మం
ఎమ్మెల్సీ ఓటు డిగ్రీ చదివినవాళ్లకు కాబట్టి నడిచింది. మా అమ్మమ్మ అంకెలు వేయగలదా? చెల్లని ఓట్లు గుట్టలు పడతాయి. అంతెందుకు, డిగ్రీ చదివినవాళ్ల ఓట్లే చెల్లకుండా పోతున్నాయి. ఒకటి అంకె వేయకుండా టిక్కు పెట్టి వచ్చేవాళ్లను నేను చూశాను.

లెక్కల_మాష్టారు
మీ అమ్మమ్మ చీటీల లెక్క, పాల లెక్క నోటితో కట్టగలదు. ఒకటి, రెండు వేయలేదని ముందే అనుకోవద్దు. అయినా మీ భయం న్యాయమైనదే. లండన్‌లో మేయర్ ఎన్నికకు మొదటి, రెండో ప్రాధాన్య పద్ధతి ఉండేది. 2008లో పదవిలో ఉన్న కెన్ లివింగ్‌స్టన్ బోరిస్ జాన్సన్ చేతిలో ఓడింది ఆ పద్ధతిలోనే. తరువాత చట్టం మార్చి, 2024 ఎన్నిక నాటికి ఒక్క గుర్తు పద్ధతికి వెళ్లారు. కాబట్టి అందరూ దానికే కట్టుబడి ఉండాలని నేను అనను.

వానాకాలం
మేయర్ ఓటమి అంటే నాకు గుర్తొచ్చేది షికాగో, 1979. రిచర్డ్ డేలీ 1976 డిసెంబరులో చనిపోయాక మైకేల్ బిలాండిక్ మేయర్ అయ్యారు. ఆ నగరంలో డెమోక్రాటిక్ పార్టీ యంత్రాంగాన్ని కాదని ఎవరూ గెలవలేరన్న నమ్మకం ఉండేది. 1979 జనవరిలో పెద్ద మంచు తుపాను వచ్చింది. రోడ్ల మీద మంచు తీయించలేకపోయారు. చెత్త ఎత్తేవాళ్లు రాలేదు. అన్నిటికంటే ఘోరం, రైళ్లు ఆలస్యం అవుతున్నాయని నల్లజాతి వాళ్లు ఉండే పేటల్లోని స్టేషన్లలో ఆగకుండా నడిపారు. చలిలో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్ల ముందు నుంచి బండి వెళ్లిపోయింది. ఫిబ్రవరి 27న పార్టీ లోపలి ఎన్నికలో జేన్ బర్న్ ఆయనను ఓడించారు, షికాగోకు తొలి మహిళా మేయర్ అయ్యారు. తేడా స్వల్పమే. నాలుగేళ్లకు, 1983లో, ఆమె కూడా అదే విధంగా హెరాల్డ్ వాషింగ్టన్ చేతిలో ఓడిపోయారు.

మంచు స్థానంలో వాన నీరు పెట్టి చూడండి. తుపాను వచ్చినప్పుడల్లా మన పట్టణాల్లో ఏ పేటలో మోకాలి లోతు నీరు నిలుస్తుందో, ఏ పేటలో గంటలో తోడేస్తారో అందరికీ తెలుసు. అక్కడ ఆరు వారాల్లో ఓటు వేసి లెక్క తేల్చారు. ఇక్కడ ఎవరి మీద తేల్చాలి?

మంగళవారం_సంత
రైళ్లు ఆపకుండా నడిపారా! చదువుతుంటే ఒళ్లు మండుతోంది.

భీమవరం_బాబాయి
మా దగ్గర యనమదుర్రు డ్రెయిన్ పక్కన బతికేవాళ్లను అడగండి. చిన్నప్పుడు ఈత కొట్టామని పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడు కిటికీ తెరవలేరు. ఈ మురుగు ఒక్క పట్టణానిది కాదు, పై నుంచి కూడా వస్తుంది. కానీ పట్టణం తరఫున నిలదీయడానికి ఎన్నికైన మనిషి ఒకరు ఉండాలి కదా. వినతిపత్రం ఇవ్వడానికి వెళితే అధికారి మారారంటారు. కొత్తవారికి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

విశ్రాంత_గుమాస్తా
అందరూ మేయర్, మేయర్ అంటున్నారు. ఒక పురపాలక కార్యాలయంలో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందినవాడిని, లోపలి సంగతి చెబుతాను.

మన చట్టం ప్రకారం కార్పొరేషన్‌లో కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. పాలకమండలి ఉంది, స్థాయీ సంఘం ఉంది, కమిషనర్ ఉన్నారు. మేయర్ సమావేశానికి అధ్యక్షత వహిస్తారు, తీర్మానాలు చేయిస్తారు. ఫైలు నడిపేది, సిబ్బందిని కదిలించేది, బిల్లు మీద సంతకం పెట్టేది కమిషనర్. ఆ కమిషనర్‌ను వేసేదీ, తీసేదీ రాష్ట్ర ప్రభుత్వం. మేయర్‌కు ఆయన పని నచ్చకపోతే చేయగలిగింది చాలా తక్కువ.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మేయరే బడ్జెట్ ప్రతిపాదిస్తారు. ఎన్నో శాఖలకు అధిపతులను నియమిస్తారు. 11 మంది సభ్యుల బోర్డు చేసిన శాసనాన్ని వీటో చేయగలరు, దాన్ని తిప్పికొట్టాలంటే ఎనిమిది మంది కావాలి. వీధిలో జరిగినదానికి బ్రీడ్ గారిని బాధ్యురాలిని చేయడంలో న్యాయం ఉంది, ఎందుకంటే ఆమె చేతిలో అధికారం ఉంది. మన మేయర్‌ను ప్రజలు నేరుగా ఎన్నుకుని, అధికారం కమిషనర్ దగ్గరే ఉంచితే, పెళ్లికి పిలిచి విస్తరి వేయనట్టే. లక్ష మంది ఓటు వేసి గెలిపించిన మనిషి కాలువ పూడిక తీయించలేక తిట్లు తింటారు. ఐదేళ్లకు ఓడిపోతారు. కాలువ అలాగే ఉంటుంది.

కాకినాడ_కాజా
గుమాస్తా గారూ, మీరు చెప్పింది విన్నాక నాకు ప్రత్యక్ష ఎన్నిక ఇంకా ఎక్కువ కావాలనిపిస్తోంది. లక్ష ఓట్లతో గెలిచిన మేయర్ అధికారం ఇమ్మని గట్టిగా అడగగలరు. కార్పొరేటర్ల దయ మీద ఉన్న మేయర్ అడగలేరు. రాష్ట్రంలో ఏ పార్టీ ఉన్నా ఆ ధైర్యమున్న మేయర్ అక్కర్లేదు. అందుకే ఇది జరగడం లేదు.

పాతబ్యాలెట్
జరిగింది. మన రాష్ట్రంలోనే. 2000లో విజయవాడలో పంచుమర్తి అనురాధ గారు ప్రజల ఓట్లతో నేరుగా మేయర్ అయ్యారు, 26 ఏళ్ల వయసులో. 2002లో హైదరాబాదులో తీగల కృష్ణారెడ్డి గారు కూడా అలాగే. 2005 ఎన్నికల నాటికి మళ్లీ కార్పొరేటర్లే ఎన్నుకునే పద్ధతికి మార్చారు. ఉత్తరప్రదేశ్‌లో ఈనాటికీ నేరుగానే. మధ్యప్రదేశ్‌లో 2019లో తీసేసి, 2022 ఎన్నికలకు మళ్లీ నేరుగా తెచ్చారు. అక్కడ ఇంకో ఏర్పాటు కూడా ఉంది. పట్టణ సంస్థల అధ్యక్షులను మధ్యలోనే ప్రజలు వెనక్కి పిలవవచ్చు. ఓటు ఖాళీ కుర్చీ గుర్తుకూ, మనిషి కూర్చున్న కుర్చీ గుర్తుకూ మధ్య జరుగుతుంది. 2001లో అనూప్‌పూర్‌లో ఖాళీ కుర్చీ గెలిచింది.

వానాకాలం
బ్రీడ్ ఓడిన రోజునే, నీటికి ఆవలి ఒడ్డున ఉన్న ఓక్లండ్‌లో మేయర్ షెంగ్ థావోను ప్రజలు అలాగే వెనక్కి పిలిచారు. ఆమె ఎన్నికై రెండేళ్లు.

ఆత్రేయపురం_రేకు
ఖాళీ కుర్చీకి ఓటా! మా ఊళ్లో నిలబెడితే ప్రతిసారీ అదే గెలుస్తుంది.

కోటగుమ్మం
నవ్వుకోవడానికి బాగుంది గానీ, రెండేళ్లకోసారి కుర్చీ ఖాళీ చేయిస్తుంటే రోడ్డు వేయాలని ఎవరు అనుకుంటారు? మేయర్‌కు ఐదేళ్లు ఇవ్వాలి. అవిశ్వాసమూ వద్దు, వెనక్కి పిలవడమూ వద్దు. ఐదేళ్ల చివర మాట్లాడుకుందాం.

కోనసీమ_కోడలు
ఐదేళ్ల చివర మాట్లాడుకుందాం అంటున్నారు, ఎవరితో మాట్లాడతారు? మన దగ్గర మేయర్, చైర్‌పర్సన్ పదవుల రిజర్వేషన్ ఎన్నిక ఎన్నికకూ మారుతుంది. ఈసారి బీసీ మహిళ, వచ్చేసారి జనరల్, ఆ పైసారి ఎస్సీ. పదవిలో ఉన్న మనిషికి మళ్లీ పోటీ చేసే అర్హతే ఉండకపోవచ్చు. బాగా పని చేసినామె మళ్లీ నిలబడలేదు. పని చేయనాయనను ఓడించే అవకాశం రాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది ఇక్కడ జరగకపోవడానికి ఇది పెద్ద కారణం, ఇంతమంది రాసి కూడా దీన్ని తాకలేదు.

పేపర్_పెద్దాయన
అమ్మా, అంటే రిజర్వేషన్ తీసేయమంటారా?

కోనసీమ_కోడలు
ఒక్క ముక్క కూడా అలా అనలేదు. రిజర్వేషన్ లేకపోతే నా లాంటివాళ్లు ఆ మెట్లు ఎక్కేవాళ్లే కాదు. మా అత్తగారు మున్సిపాలిటీలో కౌన్సిలర్‌గా చేశారు. మొదటి ఏడాది సమావేశానికి మామగారు వెంట వెళ్లేవారు. రెండో ఏడాదికి ఆమే నీటి సరఫరా పట్టికలన్నీ చదివి, ఏ ట్యాంకు ఎన్ని గంటలకు నింపుతున్నారో అధికారులను నిలదీసేవారు. మామగారు బయట టీ కొట్టు దగ్గర కూర్చునేవారు. ఐదేళ్లు నిండాయి, ఆ వార్డు రిజర్వేషన్ మారింది, ఆమె ఇంట్లో కూర్చున్నారు. నేర్చుకున్న పనంతా పోయింది. నేనడిగేది ఒకే పదవికి ఒకే రిజర్వేషన్ వరుసగా రెండు ఎన్నికలకు ఉంచమని. అప్పుడు చేసిన పనికి జనం మార్కులు వేస్తారు. గెలిపిస్తారో, ఓడిస్తారో వాళ్ల ఇష్టం.

గోదావరిగట్టు
కోడలు గారూ, ఈ కోణం నాకు ఎక్కడా కనిపించలేదు. పదేళ్లకు ఒకసారి మారితే ఎవరి వాటా ఎవరికీ తగ్గదు, కాస్త ఆలస్యం అవుతుంది అంతే.

లంకపొలం
ఆ ఆలస్యం ఎవరికి అన్నది కూడా చూడాలండీ. ఎస్సీ రిజర్వేషన్ కోసం ఇప్పటికే ఎన్నో ఎన్నికలు ఎదురు చూసిన ఊరికి, ఇంకో పదేళ్లు ఆగమనడం సులువు కాదు. మా ఊళ్లో ఆ వంతు ఒక్కసారే వచ్చింది.

కోనసీమ_కోడలు
నిజమే, దానికి నా దగ్గర సిద్ధంగా సమాధానం లేదు. మీలాంటివాళ్లు కూర్చుని తేల్చాల్సిన విషయం అది.

భీమవరం_బాబాయి
గోదావరి జిల్లాల వాళ్లకు ఓడించడం రాదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. పశ్చిమ గోదావరిలో 2014లో 15 అసెంబ్లీ స్థానాలకు 15 తెలుగుదేశం, భాజపా కూటమికి ఇచ్చాం. 2019లో 13 వైకాపాకు. 2024లో తూర్పు, పశ్చిమ కలిపి పాత లెక్కన 34 స్థానాల్లో ఒక్కటీ వైకాపాకు ఇవ్వలేదు. ఇంత నిర్దయగా ఓటు వేసే జనం ఇంకెక్కడ ఉన్నారు? అదే మనుషులు తమ వీధి దీపం విషయంలో నోరెత్తలేని స్థితిలో ఉన్నారు.

పేపర్_పెద్దాయన
బాబాయి గారూ, మీ లెక్కే నా మాటను నిరూపిస్తోంది. జనం రాష్ట్రం గాలిని బట్టి ఓటు వేస్తారు. మేయర్‌ను నేరుగా పెట్టినా అదే గాలిలో గెలుస్తారు, అదే గాలిలో ఓడతారు. కాలువ పూడిక చూసి ఎవరూ వేయరు.

వానాకాలం
షికాగోలో కూడా అదే అనుకున్నారు, మంచు పడేదాకా.

పాతబ్యాలెట్
పెద్దాయన గారి మాటలో నిజం ఉంది. దానికి మందు కూడా ఉంది. పంచాయతీ ఎన్నికల్లో సర్పంచికి పార్టీ గుర్తు ఉండదు. మేయర్‌కు కూడా పార్టీ గుర్తు తీసేయండి. శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాలెట్ మీద మేయర్ అభ్యర్థి పేరు పక్కన పార్టీ పేరు ఉండదు.

కోటగుమ్మం
పంచాయతీల్లో గుర్తు లేకపోయినా ఎవరు ఏ పార్టీ మనిషో చంటి పిల్లలకు కూడా తెలుసు.

విశ్రాంత_గుమాస్తా
ఈ వాదన తెల్లవారినా తెమలదు. ఎన్నిక సమయానికి జరగడం గురించి మాత్రం వాదన అక్కరలేదు, రాజ్యాంగంలోనే ఉంది. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 243-యూ అధికరణ ప్రకారం పురపాలక సంస్థకు ఐదేళ్లే గడువు. అది ముగిసేలోగా ఎన్నిక పూర్తి కావాలి. మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలల్లోగా పెట్టాలి. 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అది అహ్మదాబాద్ కార్పొరేషన్ ఎన్నికల ఆలస్యం మీద వచ్చిన కేసు. వార్డుల విభజన లాంటి పనులు పూర్తి కాలేదన్న సాకుతో వాయిదా వేయకూడదు, ఎన్నికల సంఘం ముందుగానే ఏర్పాట్లు చేసుకోవాలి అని.

మంగళవారం_సంత
మరి రాజమహేంద్రవరానికి ఇన్నేళ్లు ఎలా ఆపారు?

విశ్రాంత_గుమాస్తా
ఎవరూ ఆపామని ఆర్డరు రాయరండీ. విలీనం ఒకటి, దాని మీద కేసు ఒకటి, వార్డుల పునర్విభజన ఒకటి. ఒక ఫైలు కదిలేలోగా ఇంకోటి అడ్డం వస్తుంది. ప్రభుత్వం మారింది, ఫైలు అక్కడే ఉంది. ఏ పార్టీ ఉన్నా ప్రత్యేకాధికారి పాలన పై వాళ్లకు సుఖం. అడిగేవాళ్లు ఉండరు.

గోదావరిగట్టు
నా భయమంతా 2027 గోదావరి పుష్కరాల గురించి. 2015 జులై 14న మొదటి రోజునే మా కోటగుమ్మం దగ్గర పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇంకో పుష్కరం వస్తోంది. ఘాట్లు, రోడ్లు, మురుగు కాలువలు, దీపాలు, అన్నిటికీ డబ్బు వస్తుంది. ఏ పేటలో ఏ రోడ్డు ఇరుకో, ఏ సందులోంచి జనాన్ని మళ్లించవచ్చో ఆ పేట కార్పొరేటర్‌కు తెలిసినట్టు వేరే ఊరి నుంచి బదిలీ మీద వచ్చిన అధికారికి తెలియదు. ఖర్చు మీద ప్రశ్న వేయాలంటే సభ ఉండాలి. ఆ సభ లేదు.

కోటగుమ్మం
గట్టు గారూ, 2015లో పాలకవర్గం ఉంది. మేయర్ ఉన్నారు. అయినా ఆ ఘోరం జరిగింది. ఆ రోజు నేను రెండు వీధుల అవతల ఉన్నాను, అంబులెన్సుల మోత ఇంకా చెవుల్లో ఉంది. కార్పొరేటర్లు ఉంటే ఆగేదని నేను నమ్మను.

గోదావరిగట్టు
ఆగేదని నేనూ అనలేదు. జరిగాక పేట మనుషుల తరఫున లేచి నిలబడి అడిగే హక్కున్నవాళ్లు కావాలంటున్నాను. అప్పుడు గుమాస్తా గారు చెప్పిన ఆ అధికారం మేయర్‌కు ఉండి ఉంటే జవాబు చెప్పాల్సినవారు ఎవరో కూడా తేలేది.

కాకినాడ_కాజా
సరే, ఇప్పుడు మనం చేయగలిగింది ఏమిటి? చట్టం మార్చడం మన చేతిలో లేదు.

విశ్రాంత_గుమాస్తా
వార్డుల పునర్విభజన ముసాయిదా ప్రకటించినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. చాలా తక్కువ రోజులు ఉంటుంది. పత్రికలో చిన్న ప్రకటన వస్తుంది, ఎవరూ చూడరు. తరువాత కోర్టుకు వెళతారు, ఎన్నిక ఆగుతుంది. అభ్యంతరం ఉన్నవాళ్లు గడువులోగా లిఖితపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవాలి. మీ వీధి రెండు వార్డుల్లోకి చీలిందా, ఓటర్ల సంఖ్యలో వార్డుల మధ్య మరీ తేడా ఉందా, సరిహద్దు కాలువనో రోడ్డునో పట్టుకుని ఉందా, ఇవి చూడండి. ఓటరు జాబితాలో పేరు ఏ వార్డులో ఉందో కూడా చూసుకోండి. విలీన గ్రామాల్లో ఇదే పెద్ద గందరగోళం. దానితో పాటు, ఎన్నికలు ఏ దశలో ఆగాయో సమాచార హక్కు చట్టం కింద అడగండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు.

లెక్కల_మాష్టారు
వార్డుల జనాభా లెక్కలు పోల్చి చూడటం నాకు వదిలేయండి. ముసాయిదా రాగానే ఎవరైనా పెడితే నేను తేడాలు తీసి ఇస్తాను.

పేపర్_పెద్దాయన
నేరుగా ఎన్నిక విషయంలో నేను ఇంకా ఒప్పుకోలేదు. కానీ సమాచార హక్కు దరఖాస్తు మీద నా సంతకం వేయించుకోండి.

కోనసీమ_కోడలు
రిజర్వేషన్ ఎలా ఖరారు చేస్తున్నారో కూడా ఆ దరఖాస్తులో అడగండి. గత ఎన్నికల్లో ఏ పదవి ఎవరికి కేటాయించారో పట్టిక ఇమ్మని. లంకపొలం గారి ప్రశ్నకు జవాబు ఆ పట్టికలోనే దొరకాలి.

గోదావరిగట్టు
రాస్తున్నాను. ముందు దరఖాస్తు ముసాయిదా ఇక్కడ పెడతాను, గుమాస్తా గారు సరిచూడండి.

విశ్రాంత_గుమాస్తా
ప్రశ్నలు చిన్నవిగా, విడివిడిగా రాయండి. ఎందుకు జరపలేదు అని అడిగితే జవాబు రాదు. ఏ తేదీన ఏ ఫైలు ఎవరికి పంపారు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అని అడగండి.